గరిక సారు

మా వాడకట్టులో గరికను డబ్బులిచ్చి కొన్నవాడు ఆయనొక్కడే. అందుకని ఊరు ఆయన ఇంటిపేరునూ ఒంటిపేరునూ పక్కనబెట్టి గరిక సారు అని ఖాయం చేసింది. ఆయనకీ సంగతి తెలుసు. వినాయకుడికి ఇష్టమైన పేరు కదా అని సర్దుకున్నాడు.

ములుగు అనగానే మీకు మేడారం జాతర గుర్తొస్తే అది మేము కాదు. ఆ ములుగు 2019లో జిల్లా అయి కూర్చుంది. మాది సిద్దిపేట జిల్లాలో మండలంగానే ఉండిపోయిన ములుగు. హైదరాబాద్‌లో రాజీవ్ రహదారి ఎక్కి శామీర్‌పేట, తుర్కపల్లి, వంటిమామిడి కూరగాయల మార్కెట్టు దాటితే మేమే. ఈ రోడ్డు పొడుగునా కొన్నేళ్లుగా ఒక కొత్త కులం వెలిసింది. ఆదివారం రైతులు. తలమీద టోపీ, కాళ్లకు గమ్ బూట్లు, నోట్లో ‘ఆర్గానిక్’ అనే మాట. పొద్దున పదింటికి వస్తారు, ఎండ తిరిగేసరికి బండెక్కుతారు. మిగతా ఆరు రోజులూ వ్యవసాయం కాపలా తాత, కుక్క చూసుకుంటారు. ఇంటికి పట్టుకెళ్లిన సంచెడు టమాటా కిలో ఎంత పడిందో ఇంట్లో చెప్పే ధైర్యం వాళ్లలో ఒక్కరికీ లేదు.

గరిక సారు వాళ్లలో మేలురకం. ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇరవై గుంటలు కొని, ఒక గది, ఒక వరండా వేసుకుని, దాని ముందు రెండు గుంటలు లాన్ కోసం వదిలాడు. గుంటంటే 121 గజాలు. రెండు గుంటల నిండా గడ్డి, అదీ చాపల్లా చుట్టి ట్రాలీ ఆటోలో తెప్పించిన గడ్డి! మొదటి చాప విప్పగానే కాపలా తాత ఒక పోచ తుంపి కొరికి చూశాడు.

“గిది గరికనే గద సారూ?”

“బెర్ముడా గ్రాస్” అన్నాడు సారు.

తాత చెప్పింది అబద్ధం కాదు. బెర్ముడా అనే జాతి మన గరికే. మా నాయన జన్మంతా దానితో కొట్లాడాడు. పారతో తవ్వి, ఎండబెట్టి, కాలబెట్టినా ఒక్క కణుపు మిగిలితే చాలు, తొలకరికి మళ్లీ తల ఎత్తేది. వినాయక చవితి ఒక్కరోజు దానికి మర్యాద. అలాంటిదాన్ని పరిచి, రోజూ నీళ్లు పెట్టి, అది బతుకుతుందో లేదో అని సారు నిద్ర మానుకున్నాడు.

ఈ పిచ్చి ఆయనకు డాలస్‌లో పట్టింది. కొడుకు అక్కడ పెద్ద ఉద్యోగం. చూడ్డానికి వెళ్లిన మొదటి శనివారమే ఆ పెద్ద ఉద్యోగి నిక్కరు వేసుకుని ఇంటిముందు గడ్డి కోస్తూ కనిపించాడు. ముందు సారు గుండె కలుక్కుమంది, ఇంతింత ఫీజులు కట్టి చదివిస్తే ఇదా అని. అక్కడ గడ్డి కాస్త పెరిగితే కాలనీ సంఘం నోటీసు పంపుతుందని కొడుకు చెప్పాడు. రెండో శనివారం సారు మిషను ఒకసారి ఇమ్మన్నాడు. మూడో శనివారం కొడుకును దగ్గరికి రానివ్వలేదు.

తిరిగొచ్చేలోగా తనకూ ఒకటి కొనాలని నిశ్చయమైంది. అయితే ఇంజినీరు కదా, ఊరికే కొంటాడా? నెలన్నర పాటు నోట్‌బుక్కులో గీతలు గీశాడు. పెట్రోలు మిషను: బరువు, పైగా తాడు లాగితే భుజం పడిపోతుంది, ట్యాంకులో ఒకసారి పెట్రోలు పడ్డదాన్ని విమానం ఎక్కనివ్వరు. బ్యాటరీది: అంత పెద్ద లిథియం బ్యాటరీనీ విమానం ఎక్కనివ్వరు. కరెంటుది: తన తీగ తనే కోసుకుంటుందని ఆయన భయం. చివరికి ఇంజనూ వైరూ లేని తోపుడు మిషను మిగిలింది. రెండు చక్రాల మధ్య ఒక డోలు, డోలు చుట్టూ మెలితిరిగిన అయిదు బ్లేళ్లు, కింద కదలని పట్టీ ఒకటి. మనిషి తోస్తే చక్రాలు తిరుగుతాయి, చక్రాలు తిరిగితే డోలు తిరుగుతుంది, బ్లేడుకూ పట్టీకీ మధ్య చిక్కిన గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. ఉన్ని బట్టమీద నూగు కత్తిరించే మిల్లు మిషను చూసి ఆ ఆలోచన వచ్చిందట. ఇరుగుపొరుగు నవ్వుతారని రాత్రిపూట తోసి చూసుకునేవాడని కూడా చెబుతారు. తెలివైనవాడు. మా సారు మిట్టమధ్యాహ్నం, ఊరంతా గోడమీద ఆనుకుని చూస్తుండగా మొదలుపెట్టాడు.

అది ములుగు చేరిన కథ వేరే ఉంది. సూట్‌కేసులు తూచే కొక్కెం కాంటా ఒకటి సారు జేబులో ఎప్పుడూ ఉంటుంది. డాలస్ దుకాణంలో ఒక్కొక్క మిషనునూ దానికి వేలాడదీసి చూశాడట. పిడి ఊడదీయగలిగి, పదకొండు కిలోల లోపు తూగినదాన్ని పట్టుకున్నాడు. విమానంలో మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. అమ్మగారి పెట్టెలో చెల్లెళ్ల కోసం సర్దిన బాదాం, చాక్లెట్లు, సెంటు సీసాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మిషను లోపలికెళ్లింది. “మీకేం తేలేదే, మీ బావ గడ్డికోసే కత్తెర తెచ్చుకున్నడు” అని ఆ తల్లి ఇప్పటికీ పెళ్లిళ్లలో సమాధానం చెప్పుకుంటోంది.

ఇంత చేసి మిషనును తోటలో వదిలేస్తాడా అంటే, లేదు. పాతసామాను వాళ్లు ఎత్తుకుపోతారని ప్రతి ఆదివారం కారు డిక్కీలో తెస్తాడు, సాయంత్రం మళ్లీ పట్టుకుపోతాడు. తేలిక మిషను కావాలన్న పట్టుదల ఎందుకో అప్పుడు అర్థమైంది. దాన్ని తోసేది అరగంట. ఎత్తేది, దించేది, మోసేది, కాలనీలో లిఫ్టు ఎక్కించేది మిగతా రోజంతా.

ఒకసారి కారు షెడ్డుకు పోతే జేబీఎస్‌లో బస్సెక్కాడు, మిషనుతో, అమ్మగారితో. ఆ బస్సులో నేనూ ఉన్నాను. కండక్టరు ముందు అమ్మగారికి జీరో టికెట్టు కొట్టాడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా. సారుకు టికెట్టు కొట్టాడు. మిషను దగ్గర చెయ్యి ఆగింది.

“గిదేంది సార్, పిల్లల బండా?”

“లాన్ మోవర్.”

“లగేజీ కొట్టాల్నా మరి?”

సారు కాంటా తీశాడు. కదిలే బస్సులో మిషనును వేలాడదీసి, అంకె నిలబడేదాకా ఆగమన్నాడు. శామీర్‌పేట దాటినా అంకె నిలబడలేదు. అమ్మగారు మెల్లగా “నా పేరుమీద రాయి నాయనా” అంది. కండక్టరు దండం పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు.

గడ్డి కోయడం గురించి అడగడానికి సారు అంత దూరం పోనక్కర్లేదు నిజానికి. మా ములుగులోనే కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మామిడికి మందు అడగడానికి మావాళ్లు వెళ్లేది అక్కడికే. సారు మాత్రం టెక్సాస్‌లో ఎవరో తీసిన వీడియోలే చూస్తాడు. అక్కడ తొండ కూడా లేని చదును నేల. ఇక్కడ మొదటి వరుసలోనే వేపపుల్ల ఒకటి డోలులో ఇరుక్కుని మిషను టక్కున ఆగింది. సారు ఆగలేదు. పిడి పొట్టకు తగిలి, గమ్ బూట్లతో సహా గరికకు సాష్టాంగం చేశాడు. పుల్ల పోయాక కంకర, కంకర పోయాక కొబ్బరి డొక్క. బ్లేళ్లకు గాట్లు పడ్డాయి. కొడవళ్లకు సానబట్టే ఆయన మెలితిరిగిన ఆ అయిదు బ్లేళ్లను తిప్పి తిప్పి చూసి, “దీనికి ఎటు దిక్కు పదును సారూ?” అని అడిగి వెళ్లిపోయాడు. పదును పెట్టే పేస్టు ఆన్‌లైన్లో తెప్పిస్తే అది రెండుసార్లు మేడారం ములుగుకు పోయింది. అక్కడివాళ్లు ఏమనుకున్నారో.

పుల్లలు ఏరితే మాత్రం అది బంగారంలాంటి మిషను, కాదనను. చప్పుడు లేదు, పొగ లేదు, చిర్రుమని చిన్న కూత. పద్నాలుగంగుళాల పట్టీ లెక్కన రెండు గుంటలకు అర కిలోమీటరు పైచిలుకు నడక, సారు షుగరుకు కూడా మంచిది. తేడా వచ్చింది గడ్డి దగ్గర. ఈ మిషను పొట్టి గడ్డినే కోస్తుంది. పొడుగు గడ్డిని మీదనుంచి తొక్కి పడుకోబెట్టి ముందుకు పోతుంది. ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయొద్దని సారే చెప్పేవాడు. ఆ లెక్కన వానాకాలంలో వారానికోసారైనా రావాలి. శ్రావణమాసం వచ్చింది, పెళ్లిళ్లొచ్చాయి, సారు మూడు వారాలు రాలేదు. మిషను ఎంత నమ్మకస్తురాలైనా హైదరాబాద్‌లో బాల్కనీలో కూర్చుని ఏం కోస్తుంది?

వచ్చేసరికి జానెడు లేచింది. సారు తోశాడు. గడ్డి వంగి, ఆయన దాటగానే లేచి నిలబడింది. రెండు గుంటలూ తోసి వెనక్కి తిరిగి చూస్తే చక్రాల గీతలు తప్ప ఏమీ లేదు.

తాత కొడవలి పట్టుకొచ్చాడు. “కోసి ఎవలికేస్తరు సారూ?”

“ఎవరికీ వేయం. కోసి పారేస్తాం.”

“పారబోసేదానికి పెంచుడెందుకు మరి?”

సారు నోట్‌బుక్కులో ఈ ప్రశ్నకు గడి లేదు. చాలాసేపు వరండాలో కూర్చుని, నన్ను పిలిపించి, మీ బర్రె పొడుగు గడ్డి ఎన్ని అంగుళాల దాకా మేస్తుందని అడిగాడు. కొలిచి చూడలేదన్నాను. అప్పటినుంచి శనివారం సాయంత్రం మా బర్రె మేస్తుంది, ఆదివారం పొద్దున మిగిలినదాన్ని సారు మిషనుతో సాపు చేస్తాడు. గిట్టల గుంటలు పడుతున్నాయని ఒక సణుగుడు ఉంది కానీ, నెలనుంచీ మానలేదు. మొన్న బర్రె బరువెంత ఉంటుందని కాంటా తీయబోయాడు. అది యాభై కిలోల దాకే తూస్తుంది. మా బర్రె నాలుగు వందల పైమాటే. దాన్ని ఎవరూ మోయక్కర్లేదు, నడిచే వస్తుంది. గేటు తీసిపెడితే చాలు.