మీ అబ్బాయిని ఏ మేస్త్రి దగ్గర పెట్టారు సార్?

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఊరేదైనా ఈమధ్య కల్యాణమండపాల్లో పెళ్ళిళ్ళ తర్వాత ఎక్కువగా జరుగుతున్నవి స్కిల్ సభలే. కోటు తొడుక్కున్న వక్తగారు మైకు పుచ్చుకుని, "డిగ్రీ ఒట్టి కాగితం తమ్ముడూ! చేతిలో పని, కళ్ళముందు విజన్, ఈ రెండూ ఉంటే జీవితం నీదే" అంటారు. ముందు వరుస పెద్దమనుషులు చప్పట్లు కొడతారు. వాళ్ళ పిల్లలు సభలో కనిపించరేమని అడక్కండి. డాలస్‌లో అది నిద్రపోయే వేళ.

పెద్దలకు విజన్ లేదని ఎవరన్నారు? నిక్షేపంగా ఉంది. పక్కింటివాడు ఐటీఐ, మనవాడు ఎమ్మెస్.

ఆ చప్పట్ల చేతులే సాయంత్రం పెళ్ళిసంబంధం కబురు అందుకుంటాయి. "కుర్రాడు ఏసీలు బాగుచేస్తాడండీ. వేసవిలో అన్నం తినే తీరిక ఉండదు. సొంతిల్లు, అప్పుల్లేవు." "అంటే... మెకానిక్కా?" ఆ 'అంటే' దగ్గరే సంబంధం చెడింది. అదే కుర్రాడు హైదరాబాదులో ఆరుగురితో గది పంచుకుని, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ కోర్సు మీద కోర్సు చేస్తుంటే 'సాఫ్ట్‌వేర్ అబ్బాయి'. కట్నం కూడా పలుకుతుంది. మే నెలలో రాత్రి పదకొండింటికి ఏసీ ఆగిపోతే మాత్రం మెకానిక్కు కాస్తా "నాయనా, బాబూ" అయిపోతాడు.

సర్కారువారి గౌరవం ఇంకో రకం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కంసాలి, శిల్పి, పడవలు చేసేవారు, వలలు అల్లేవారు అందరికీ చోటుంది. పనిముట్లకు 15 వేల దాకా సాయం, 5 శాతం వడ్డీకి అప్పు మంచివే, కాదనను. కానీ ముప్పై ఏళ్ళుగా చిత్రిక పడుతున్న వడ్రంగి కూడా ముందు అయిదు నుంచి ఏడు రోజులు బల్ల మీద కూర్చుని, రోజుకు 500 పుచ్చుకుని ప్రాథమిక శిక్షణ పొందాలట! నేర్పేవారి అరచేతిలో కాయలున్నాయా అని అడగడం మర్యాద కాదు.

ఇక తెనాలి శిల్పులు. పాత ఇనుప నట్లూ బోల్టులూ అతికించి నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే చేతులవి. నాయకుడి విగ్రహానికి ముందు మట్టితో నమూనా కడతారు. అనుచరులొచ్చి "బుగ్గ కాస్త నిండుగా ఉండాలి", "నవ్వు చాల్లేదు" అంటారు. మీసం తీసి మళ్ళీ పెడతారు. బతికుండగా ఆయన ఎప్పుడూ నవ్వని నవ్వు తెప్పిస్తారు. తర్వాత అచ్చు, ఫైబరు, అరగదీత, కంచురంగు. ఆవిష్కరణ నాడు శిలాఫలకం చదవండి. మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, దాతలు, దాతల బావమరుదులు, చివరికి కమిటీ కోశాధికారి కూడా ఉంటారు. చేసినవాడు ఉండడు. మన ఆనవాయితీ పాతదేలెండి. దగ్గర్లోని భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన ధాతుపేటికల (అస్థికలు దాచిన పెట్టెల) మీదా దాతల పేర్లున్నాయి. లోపలి స్ఫటిక పేటికను అంత నున్నగా తీర్చిన చెయ్యి ఎవరిదో మనకు తెలీదు.

ఆ శిల్పి కొడుకుని "ఏం చదువుతున్నావ్?" అంటాం. "నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నా" అంటే, "అయ్యో, చదువు అబ్బలేదా?" అని జాలిపడతాం. జాలిపడి, విజన్ సభకు వేళైందని బయల్దేరతాం.

కాబట్టి కమిటీవారికి ఒక విన్నపం. ఈసారి వక్తగారు వేదిక ఎక్కగానే దండ పక్కనపెట్టి, "మీ అబ్బాయిని ఏ మేస్త్రి దగ్గర పెట్టారు సార్?" అని అడగండి. మేస్త్రి పేరు చెబితే మైకివ్వండి. నీళ్ళు నమిలితే కాఫీ ఇచ్చి పంపించండి.