తెల్లవారుజామున చూసేవాళ్లు

నేను ఎయిర్ పంపును. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక రాగి చుట్ట, ఒక అయస్కాంతం, ఒక రబ్బరు తిత్తి, ఇంతే నా ఒళ్లు. ప్లగ్గులో వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ మళ్లుతుంది. దాని వెంటే నా అయస్కాంతం ఊగుతుంది. తిత్తి ముడుచుకుంటూ విచ్చుకుంటూ సన్నటి గొట్టంలోకి గాలిని తోస్తుంది. పగలూ రాత్రీ ఇదే నా బతుకు. ఈ బతుకు నాకిష్టం.

నన్ను హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు తెచ్చారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లగుట్టలే ఉండేవని సెక్యూరిటీ అన్న చెబుతుంటే విన్నాను. నేనొచ్చేసరికి గుట్టల చోట అద్దాల మేడలు లేచాయి. మా రిసెప్షన్‌లో పెద్ద అక్వేరియం, నిండా పచ్చటి మొక్కలు, మొక్కల మధ్య గోల్డ్ ఫిష్‌లు. అవి పాలిథీన్ సంచుల్లో వచ్చాయి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. దారి పొడుగునా కట్టిచ్చిన ఊపిరి మీదే బతికి వచ్చిన ప్రాణులవి. మూట విప్పాక ఆ ఊపిరి బాధ్యత నా మీద పడింది.

చేప బతుకు ఎంత ఇరుకులో సాగుతుందో మీకు చెప్పాలి. మీరు పీల్చే గాలిలో లీటరుకు దాదాపు 250 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు దాచుకోగలిగేది 8 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నేను వదిలే బుడగల్లోంచి నీటిలో కరిగేది కొద్దిగానే. బుడగలు పైకి పోతూ అడుగు నీటిని మీదికి లాగుతాయి, పైపొరను కదిలిస్తాయి. ఆ కదిలే పొర దగ్గరే ఆక్సిజన్ లోపలికి దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది.

నా కొలువులో నేను తెలుసుకున్న పెద్ద సత్యం ఒకటుంది. అక్వేరియంలో గాలాడని గడియ తెల్లవారుజామున వస్తుంది. వెలుగున్నంతసేపూ మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి. దీపాలారాక అవీ చేపలతో పాటే పీల్చుకుంటాయి. రాత్రి గడిచేకొద్దీ నిల్వ తరుగుతుంది. ఉదయం పదింటికి బ్యాడ్జీ వేసుకుని వచ్చేవాళ్లకు చేపలు హాయిగా ఈదుతూ కనిపిస్తాయి. వాటి అవస్థ చూసేది నైట్ డ్యూటీ అన్న, పొద్దున్నే తుడవడానికి వచ్చే హౌస్‌కీపింగ్ అక్క.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లన్నీ ఇళ్లకు వెళ్లిపోయాయి. ఏసీలు ఆగాయి. ఎండలు ముదిరేకొద్దీ అద్దాల గదిలో నీరు 30 డిగ్రీలు దాటింది. బోరు నీటి సున్నం నా గొట్టం చివరనున్న ఎయిర్ స్టోన్ రంధ్రాల్లో పేరుకుపోయి, నేను ఎంత ఊగినా గాలి సన్నగానే పోయేది. చేపలు ఒంటరివైపోయాయని ప్రేమకొద్దీ ఎవరో రోజూ మేత ఎక్కువ వేశారు. మిగిలిన మేత అడుగున కుళ్లింది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తాగేశాయి.

ఒక తెల్లవారుజామున సెక్యూరిటీ అన్న టార్చి వేసి చూశాడు. గోల్డ్ ఫిష్‌లన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మొప్పలు దడదడా కొట్టుకుంటున్నాయి. వెంటనే అడ్మిన్ మేడమ్‌కు ఫోన్ చేశాడు.

"మేడమ్, చేపలకు గాలాడ్తలేదు. అన్నీ మీదికొచ్చి నోర్లు కొట్టుకుంటున్నయ్."

"ముందు మూత తీసెయ్యన్నా. మేత అస్సలు వెయ్యకు. నేను చెప్పినట్టు చెయ్యి."

ఆమె చెప్పింది, ఆయన చేశాడు. మూత తీసి నీటి పైపొరకు తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. నా ఎయిర్ స్టోన్‌ను పాత బ్రష్షుతో తోమాడు. గొట్టం పట్టుకుని అడుగునున్న కుళ్లును లాగేసి, మూడో వంతు నీరు తీశాడు. కొత్త నీటిని తొందరపడి పోయలేదు. నల్లా నీటిలోని క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది, దాన్ని విరిచే హైపో చుక్కలు వెయ్యాలి. బోరు నీటిలో ఆక్సిజనే తక్కువ, కాసేపు గాలి పట్టించాలి. కొత్త నీరూ పాత నీరూ ఒకే వెచ్చదనంలో ఉండాలి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగకుండా, తీసిన పాత నీటిలోనే పిండాడు. చేపల వ్యర్థంలోని అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురముంటుంది, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది.

ఇక్కడ నా శక్తికి హద్దు ఉంది. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తే, దాని నుంచి పుట్టే నైట్రైట్ రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే గుణాన్ని పోగొడితే, నేనెంత గాలి ఊదినా చేపకు అందదు. నేను చేసేది మొదటి సాయం. అసలు వైద్యం నీటికి జరగాలి. అందుకే చేప నోరు తెరిస్తే గాలితో ఆగక నీటిని పరీక్షించాలి. మన తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను, టేబుళ్ల మీద గిన్నెల్లో కనిపించే ఫైటర్, ఇవి పైకొచ్చి గాలి పీల్చడం వాటి సహజ గుణం. గోల్డ్ ఫిష్ గుంపుగా పైకొస్తే మాత్రం అది ఆపద.

ఈ న్యాయం అద్దాల తొట్టికే పరిమితం కాదు. మురుగు చేరి నాచు పెరిగిన చెరువులో కూడా తెల్లవారుజామునే ఆక్సిజన్ అడుగంటుతుంది. చెరువుల్లో చేపలు చచ్చి తేలాయన్న కబురు ఈ నగరానికి కొత్త కాదు. మా దగ్గర్లోని దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచాక సాయంత్రాలు జనం దీపాలు చూడటానికి వస్తున్నారు. కింద నీటిలోనూ ఊపిరి తీసుకునే ప్రాణులున్నాయని వాళ్లకు గుర్తుచేయాలని నాకుంటుంది.

మా చేపల్లో కొన్ని ఆ వేసవి దాటలేదు. చాలావరకు బతికాయి. బతికించింది ఆ తెల్లవారుజామున పడిన టార్చి వెలుగు, ఫోన్ ఎత్తి "నేను చెప్పినట్టు చెయ్యి" అన్న గొంతు.

కాబట్టి అక్వేరియం పెట్టుకున్న ప్రతి ఆఫీసునూ నేను అడిగేది ఇది. మీ సర్వర్లకు యూపీఎస్ ఉంది, జనరేటర్ ఉంది. నా ప్లగ్గునూ ఆ లైనుకే కలపండి. సెలవులకు ఏసీ ఆపేముందు చేపలను తలుచుకోండి. తొట్టి పక్కన ఒక ఫోన్ నంబరు రాసిపెట్టండి, అపరాత్రి మోగినా ఎత్తే మనిషిది. నైట్ డ్యూటీ అన్నో, హౌస్‌కీపింగ్ అక్కో వచ్చి చేపలు పైకొస్తున్నాయని చెబితే, ఆ మాటను పదింటి మీటింగు దాకా ఆపకండి.