అదే 11.6 కిలోమీటర్లు

హైదరాబాద్‌కు 11.6 కిలోమీటర్లు బాగా అచ్చొచ్చిన కొలత. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పొడవు అంతే. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా ప్రతిపాదించిన మెట్రో పొడవూ అంతే. మొదటిది 2009 అక్టోబర్‌లోనే తెరుచుకుంది. కార్లు ఎంచక్కా జారిపోతున్నాయి. బైకులకు మాత్రం పైకి ప్రవేశం లేదు. రెండోదాని డీపీఆర్ 2024 నవంబర్‌లో ఢిల్లీకి బయల్దేరింది. ఫైళ్లకు ఎక్స్‌ప్రెస్‌వే లేదు మరి.

నియోపొలిస్ ఆషామాషీ జాగా కాదు. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది. అంత పోసి కొన్నాక ఆకాశంలోకే కట్టాలి. కట్టిన వైశాల్యంలో ఇంత శాతం పార్కింగుకు ఇవ్వాల్సిందేనని నిబంధన ఉంది కాబట్టి బిల్డరు సెల్లారు కింద సెల్లారు తవ్వుతాడు. ఆ తవ్వకం ఖర్చు ఫ్లాటు ధరలోకి ఎక్కుతుంది, కారున్నా లేకున్నా. బస్సు దిగినవాడు గేటు దాకా నీడలో నడవడానికి ఎంత శాతమో ఆ నిబంధనల్లో వెతక్కండి.

ప్రస్తుతానికి మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది. ఏసీ బోగీ దిగి రోడ్డు మీదికి రాగానే షేర్ ఆటోవాళ్లు ‘వేవ్‌రాక్, వేవ్‌రాక్’ అని పిలుస్తుంటారు. వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నవాళ్లు కాక డ్రైవర్‌కు చెరోపక్కా ఒకరు. ల్యాప్‌టాప్ బ్యాగు ఎవరి ఒళ్లో పడితే వాళ్లే కాపలా. దీన్నే సెమినార్లలో ముద్దుగా ‘లాస్ట్ మైల్ కనెక్టివిటీ’ అంటారు.

‘మనవాళ్లు బస్సెక్కరండీ, కార్ల మోజు’ అని తేల్చేసే పెద్దమనుషులున్నారు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. జీరో టికెట్లు కొట్టలేక కండక్టర్ల వేళ్లు నొప్పెట్టాయి, ఫుట్‌బోర్డులు కూడా నిండాయి. ఎక్కేవాళ్లకు కొదవ లేదు, బస్సులకే కొదవ అని తేలిపోయింది. ఇక చర్చ బస్సుల సంఖ్య మీదికి వెళ్తుందనుకుంటాం కదా? ఆడవాళ్లు బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నారన్న దాని మీదికి వెళ్లింది.

2024 ఆగస్టులో నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర ఉచిత పార్కింగు ఎత్తేసి డబ్బులు కట్టమనగానే ప్రయాణికులు ఆందోళనకు దిగారు. వాళ్లంతా రైలెక్కేవాళ్లే, ఆ రైలు కోసం ఇంటి నుంచి బండి మీద వచ్చారు. వాళ్ల కాలనీ మొదట్లో టైముకు సిటీ బస్సు ఆగుతుంటే పార్కింగు రేటు గంటకెంతో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు.