క్రెడిటు బదిలీ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తే.గీ. ఇచటఁ జెల్లును క్రెడిటు లవెచటివైన
పాఠ్య మొకటైన, గంటలు భంగపడక,
సంఘ మొప్పిన, ఫీజులు సమసిపోవ;
వేచియుండుము దరఖాస్తు వెంటఁ దిరిగి!

అవతారిక

బీటెక్ రెండో సంవత్సరం పూర్తిచేసి, తండ్రికి బదిలీ అయినందున మరో విశ్వవిద్యాలయం గడప తొక్కిన విద్యార్థి ఒకడు, మార్కుల మెమోలు చేతపట్టుకొని, "సార్, నా క్రెడిట్లు ఇక్కడ చెల్లుతాయా?" అని అడుగగా, అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంటు ఫైలులోంచి తల ఎత్తకుండానే పలికిన పద్యమిది. "చెల్లవు" అంటే రాతపూర్వకంగా ఇమ్మంటాడు. "చెల్లుతాయి" అంటే సంతకం పెట్టాలి. కవి రెండిటికీ చిక్కలేదు.

ప్రతిపదార్థం

ఎచటివైన = ఏ విశ్వవిద్యాలయంలో సంపాదించినవైనా; క్రెడిటులు = క్రెడిట్లు (వారానికి ఒక గంట పాఠమో, రెండు గంటల ల్యాబో సెమిస్టరంతా సాగితే ఒక్కొక్కటి చొప్పున పుట్టునవి); ఇచటన్ = ఈ కౌంటరునందు; చెల్లును = చెల్లుబాటగును; పాఠ్యము = సిలబస్; ఒకటైన = ఒక్కటే అయినచో; గంటలు = సిలబస్ పుస్తకంలో సబ్జెక్టు పేరు పక్కన ఎల్, టీ, పీ అనే అక్షరాల కింద ఉండునవి; భంగపడక = తరుగక; సంఘము = బోర్డ్ ఆఫ్ స్టడీస్; ఒప్పిన = సమ్మతించినచో; ఫీజులు = అక్కడివీ ఇక్కడివీ; సమసిపోవన్ = తీరిపోగా; దరఖాస్తు వెంటన్ = తానిచ్చిన కాగితం వెనుక; తిరిగి = తిరుగుతూ; వేచియుండుము = కాచుకొని ఉండుము.

తాత్పర్యం

నాయనా, క్రెడిట్లు తప్పక చెల్లుతాయి. నీవి చెల్లుతాయో లేదో కనుక్కొని చెబుతాం.

విశేషాలు

'చెల్లును' అన్నది భవిష్యత్తు కాదు, తద్ధర్మం. నిప్పు కాల్చును, నీరు పల్లమెరుగును అన్నట్లుగా క్రెడిటు అనేదాని స్వభావం చెల్లడమని కవి చెబుతున్నాడే తప్ప, ఈ సోమవారం ఈ విద్యార్థి క్రెడిట్లు చెల్లుతాయని ఎక్కడా అనలేదు. పద్యంలో విద్యార్థినుద్దేశించి వాడిన విధ్యర్థకం ఒక్కటే ఉంది. అది 'వేచియుండుము'. ఇది గమనించక మొదటి పాదం వినగానే హాస్టలు వెతుక్కోవడానికి పోయినవారు పలువురు.

'ఎచటివైన' అన్న ఔదార్యానికి చట్టబలం లేకపోలేదు. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. జాతీయ విద్యావిధానం వెలువడిన ఏడాదికి, అదే జూలై 29న, ఆ బ్యాంకు మొదలైంది. విద్యార్థికి పన్నెండంకెల అపార్ సంఖ్య ఇస్తారు. క్రెడిట్లు అతని ఖాతాలో ఉంటాయి.

ఇచట పూర్వపక్షి లేచి, "బ్యాంకులో నిల్వ ఉండగా ఇక దరఖాస్తు ఎందుకు? డబ్బుకు లేని సమానత పరీక్ష క్రెడిటుకు దేనికి?" అంటాడు. అతడు పాస్‌బుక్కు చూశాడు గాని నిబంధనలు చదవలేదు. ఈ బ్యాంకులో ఖాతాదారు స్వయంగా జమ చేయలేడు, చదివిన సంస్థే వేయాలి. వడ్డీ లేదు. గరిష్ఠంగా 7 ఏళ్లకు కాలం చెల్లుతుంది. ఒకసారి డిగ్రీకి వాడుకున్నది మళ్లీ పనికిరాదు. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించి తీరాలి. అన్నిటికీ మించి, నీ ఖాతాలో 80 ఉన్నాయని బ్యాంకు చెప్పగలదు. అందులోని గణితం మా గణితమేనా అన్నది మాత్రం కౌంటరు అవతలివారే చెప్పాలి. అంకె సులువుగా ప్రయాణిస్తుంది. సబ్జెక్టు ప్రయాణించదు. ఈ పద్యంలోని కష్టమంతా అక్కడే ఉంది.

'పాఠ్య మొకటైన': ఒకప్పుడు జేఎన్‌టీయూ ఒక్కటే. 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురం అని మూడైంది. తరువాత ఎవరి రెగ్యులేషన్ (సిలబస్ నియమావళి) వారిది. హైదరాబాదులో ఆర్18, ఆర్22. కాకినాడలో ఆర్20, ఆర్23. అదే డేటా స్ట్రక్చర్స్‌ను ఒకరు రెండో ఏడాదిలో చెప్పి, మరొకరు మొదటి ఏడాదిలోనే ముగిస్తే, మధ్యలో వచ్చినవాడికి ఒక సబ్జెక్టు రెండుసార్లు తగులుతుంది, ఇంకొకటి అసలు తగలదు. ఆ రెండోసారి తగిలేదానికి బదులుగా ఇచ్చేదానికి 'సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టు' అని పేరు. కాలేజీ మారకపోయినా ఈ పాదం వర్తిస్తుందని గ్రహించాలి. అటెండెన్సు చాలక డిటెయిన్ అయి కొత్త రెగ్యులేషన్ బ్యాచ్‌లో పడినవాడు, కూర్చున్న బెంచీ కదలకుండానే పరదేశి అవుతాడు.

'గంటలు భంగపడక' అన్నచోట కవి లోకజ్ఞానం మెచ్చదగినది. గంటలు తరిగే ఈ బాధ అమెరికాలోనూ ఉంది. అక్కడ క్వార్టర్ పద్ధతి కాలేజీలో 4 క్రెడిట్లు తెచ్చుకొని సెమిస్టర్ పద్ధతి విశ్వవిద్యాలయానికి పోతే, మూడింట రెండు వంతుల లెక్కన అవి 2.67 అవుతాయి. కావలసినవి 3. ఆ 0.33 ఎక్కడ దొరుకుతుందో ఏ భాష్యకారుడూ చెప్పలేదు. కాలేజీలు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2017లో అంచనా వేసింది. ఎంఎస్‌కు పోయి మధ్యలో విశ్వవిద్యాలయం మారే మన పిల్లలకైతే చాలాచోట్ల 6 నుంచి 9 క్రెడిట్ల దాకానే అనుమతి; అవీ బీ గ్రేడుకు తగ్గరాదు. అంతా కుదిరినా క్రెడిటు వస్తుంది గాని గ్రేడు రాదు, జీపీఏ మళ్లీ మొదటినుంచే. కొన్ని క్రెడిట్లను 'జనరల్ ఎలక్టివ్'గా స్వీకరిస్తారు. అంటే పెళ్లికి రమ్మని పిలిచి విస్తరి వేయకపోవడం.

'సంఘ మొప్పిన' దగ్గర వ్యాఖ్యాతలకు భేదాభిప్రాయం. 'ఒప్పిన' చేదర్థకమని, 'ఒప్పినచో' అని ఒక మతం. కాదు, అది విశేషణం, 'సంఘము ఒప్పిన ఫీజులు' అని అన్వయించాలని మరొక మతం. ఈ రెండో అన్వయంలో సంఘం క్రెడిట్లకు కాదు, ఫీజులకు మాత్రమే సమ్మతించింది. అనుభవజ్ఞులు దీనివైపే మొగ్గుతారు. 'సమసిపోవ' అనడంలోనూ చమత్కారముంది. తీరిపోయినవి ఫీజులా, తండ్రి పొదుపా అన్నది కవి విప్పి చెప్పలేదు. ఎన్‌ఓసీ ఆ కాలేజీదీ కావాలి, ఈ కాలేజీదీ కావాలి. అక్కడ బాకీ ఉంటే ఆ కాగితం రాదు, ఇక్కడ కట్టందే ఈ కాగితం రాదు.

'వెంటఁ దిరిగి': దరఖాస్తు గుమాస్తా నుంచి సూపరింటెండెంటుకు, అక్కడినుంచి శాఖాధిపతికి, ఆయన నుంచి బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షుడికి, పిమ్మట డీన్‌కు, చివరకు పరీక్షల విభాగానికి పోతుంది. బోర్డు ఎప్పుడు కూడితే అప్పుడే దానికి మోక్షం. సిలబస్ ప్రతి పేజీ మీదా పాత కాలేజీ ముద్ర లేదని ఒకసారి వెనక్కి వస్తుంది కూడా. 'తిరిగి' అనే పదానికి 'మరల' అనే అర్థం ఇందువల్లనే సమంజసమని కొందరు. ఈలోగా సెమిస్టరు మొదలవుతుంది. విద్యార్థి ఊరికే ఉండలేక, పాసైన సబ్జెక్టు క్లాసులోనే మళ్లీ కూర్చుంటాడు, మిడ్ పరీక్షలు రాస్తాడు, చివర పాసవుతాడు కూడా. అప్పుడు ఆమోదపత్రం వస్తుంది. కోరిన క్రెడిట్లన్నీ మంజూరు చేయడమైనదని, అయితే సదరు సబ్జెక్టును అభ్యర్థి ఈ విశ్వవిద్యాలయంలో ఇదివరకే పాసై ఉన్నచో ఈ ఉత్తర్వు వర్తించదని అందులో ఉంటుంది.