నీలం బల్బు డాక్టరు

ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాడికి ఇంట్లో ఎవరూ డాక్టరు హోదా ఇవ్వరు, మనమే తీసుకోవాలి. నేను తీసుకున్నాను.

బిడ్డ పురిటికి కరీంనగర్ వచ్చింది. మనవడు పుట్టిన మూడోనాటికి కళ్లు, మొహం పచ్చబడ్డాయి. "పసిరికలు గావచ్చు, దవాఖానకు పోదాం" అంది మా ఆవిడ. పక్కింటి పెద్దమ్మకేమో చేతికి వాత పెట్టే మనిషి తెలుసట. "ఏ కాలంల ఉన్నరే మీరు!" అని ఇద్దరినీ ఒకే గాటన కట్టి కసిరాను. వాతను ఆపినందుకు నాకు పుణ్యం రావాలి. అక్కడితో ఊరుకుంటే వచ్చేదే.

ఊరుకుంటానా! పాఠం ఎత్తుకున్నాను. పసిపిల్లల్లో ఎర్రకణాలు తొందరగా విరుగుతాయి, వాటిలోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది, దాన్ని బయటికి తోసే సత్తువ ఆ లేత కాలేయానికి ఇంకా ఉండదు. చాలామందిలో వారం రెండు వారాల్లో అదే తగ్గుతుంది. 1950లలో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలినంత మేర పిల్లల ఒళ్లు తేటపడటం గమనించింది. 1958లో అక్కడి డాక్టరు క్రీమర్ బృందం నీలికాంతి వైద్యాన్ని ప్రకటించింది. ఇంతవరకూ అక్షరం తప్పు లేదు. అందుకే నాకంత ధైర్యం.

టవర్ సర్కిల్‌లో నీలం జీరో బల్బు కొన్నాను. తెచ్చాను, ఊయల మీద కట్టాను, తలుపులు మూశాను, ట్యూబ్‌లైట్ ఆర్పాను, తొంగిచూశాను, పసుపు మాయం! బిడ్డను పిలిచాను, మా ఆవిడను పిలిచాను, ఆదిలాబాద్‌లో ఉన్న అల్లుడికి ఫోన్ కొట్టి "దవాఖాన ఇంట్లనే పెట్టిన" అన్నాను, నోబెల్ బహుమతికి ఏ కోటు వేసుకోవాలో కూడా ఆలోచించాను.

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త వచ్చేదాకా ఈ వైభవం సాగింది. "ఈ లైటు కింద పసుపుకొమ్ము వెట్టినా పచ్చగ కనవడది సార్" అంటూ పిల్లాణ్ని వాకిట్లో వెలుతురులోకి తెచ్చి, రొమ్ము మీద వేలితో ఒత్తి తీసింది. వేలు తీసిన చోట నిమ్మపండు రంగు. అరికాలు ఒత్తింది. అక్కడా అదే. "పాలు మంచిగ తాగుతుండా?" బిడ్డ తల అడ్డంగా ఊపింది. "నడువుండ్రి."

రంగు వెలుతురులో వస్తువు రంగు మారి కనిపిస్తుందని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పి, చెప్పలేనివాళ్లను బెంచీ ఎక్కించినవాణ్ని నేను!

దవాఖానలో రక్తం తీసి బిలిరుబిన్ చూశారు. కళ్లకు గంతలు కట్టి, ఒంటి మీద డైపరొక్కటే ఉంచి లైట్ల కింద పడుకోబెట్టారు. 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య కాంతి చర్మానికి దగ్గరగా, దండిగా పడాలి. అప్పుడే బిలిరుబిన్ రూపు మారి దొడ్డికి, ఒంటికి పోతుంది. నాది గాజుకు రంగు పూసిన మామూలు బల్బు. రోజుకు 8 నుంచి 12 సార్లు తల్లిపాలు పట్టమన్నారు, గ్లూకోజు నీళ్లు వద్దన్నారు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరికాళ్లకు పాకినా, పాలు మానేసి మగతగా పడున్నా ఆగొద్దని, ముదిరితే మెదడు దెబ్బతింటుందని డాక్టరమ్మ చెబుతుంటే మా ఆవిడ నన్నే చూస్తోంది. నేను నర్సు వైపు తిరిగి తరంగదైర్ఘ్యం గురించి మొదలుపెట్టాను.

"సార్, మీ నీడ బాబు మీద పడుతుంది. జర పక్కకు జరుగుండ్రి."

పిల్లాడు తేటపడ్డాక అల్లుడికి ఫోన్ చేసింది మాత్రం నేనే. "వెలుతురుతోనే తగ్గింది అల్లుడూ! నేను ముందే చెప్పలే?"