దావన పోతా పోతా: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

నల్లమల కొండల పడమటి అడుగున ఉంది మహానంది. నంద్యాలలో బస్సెక్కితే గంట లోపే చేరొచ్చు. 2022 ఏప్రిల్ 4న ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి మారింది. చిరునామా మారినా చుట్టాలు మాత్రం దారి తప్పలేదు. శివరాత్రి బ్రహ్మోత్సవాలకు వచ్చేవాళ్ళు, కార్తీక సోమవారం ఒక్కరోజులో నవనందుల తొమ్మిది గుళ్ళూ చుట్టేసేవాళ్ళు, కోనేట్లో మునిగి మొక్కు తీర్చుకునేవాళ్ళు... వీళ్ళలో చాలామందికి ఈ చుట్టుపక్కల ఒక మేనత్తో, చిన్నమామో, కాకుంటే తోడల్లుడి చెల్లెలో ఉండనే ఉంటుంది. దేవుడి దర్శనం అయ్యాక మనుషుల దర్శనం. అప్పుడు గడప దగ్గర ఒక వాక్యం పుడుతుంది. ఈ వ్యాఖ్యానానికి అదే మూలం.

మూలం

"దావన పోతా పోతా చూసిపోదామని వచ్చినామమ్మా. ఏమీ చేయాకు. రోంత నీళ్ళియ్యి, చాలు."

కర్త ఎవరో తెలియదు. కాలం చెప్పలేం. ఛందస్సు లేదు గానీ యతి ఉంది. చెప్పులు విప్పడానికి ఆగే చోటే ఆ యతిస్థానం.

ప్రతిపదార్థం

దావన = దోవలో. ఏ దోవ అని అడగాలి టీకాకారుడు. మహానంది గుడి వెనక ఊరు లేదు, కొండ ఉంది. కొండ మీద అడవి, అడవిలో పులులు. నిజంగా దావన పోతున్నవాళ్ళయితే ఆ పులులను పలకరించడానికే పోతుండాలి. కనుక ఇక్కడ దోవ అంటే ఇంటి దోవే. అసలు కారణాన్ని సాకుతో కప్పడం వ్యాజోక్తి అలంకారం.

చూసిపోదామని = చూసి, కూర్చుని, అందరి పెళ్ళిళ్ళూ కాన్పులూ పంటలూ అప్పులూ విచారించి పోదామని. రెండు గంటలకు తక్కువ కాదు.

వచ్చినాము = బహువచనం. గౌరవార్థమా, సంఖ్యార్థమా అన్నది సందేహం. గడప బయట చెప్పుల జతలు లెక్కపెడితే సందేహం తీరుతుంది. ఆటోలో వచ్చిన చుట్టాల విషయంలో అది ఎప్పుడూ సంఖ్యార్థమే. అతిథి అంటే తిథి లేనివాడని, రోజు చెప్పకుండా వచ్చేవాడని పాత వ్యుత్పత్తి ఒకటుంది. ఇప్పుడు ఫోన్ చేసే వస్తున్నారు, కాకపోతే వీధి మలుపులోంచి.

ఏమీ చేయాకు = మొదటి అర్థం: ఏదైనా తొందరగా చెయ్యి. మీమాంసకులు విధి, నిషేధం అని విడదీస్తారు. ఇది నిషేధం వేషం వేసుకున్న విధి. దీని రెండో అర్థం లోతైనది, తాత్పర్యంలో చూడాలి.

రోంత = రవ్వంత. కొలత కాదు, మర్యాద.

చాలు = చాలదు.

విశేషాంశాలు

ముందు నీళ్ళు. మహానంది పుష్కరిణిలో నీళ్ళు ఏడాది పొడుగునా ఊరుతూనే ఉంటాయి. అయిదడుగుల లోతు. అడుగున పడ్డ నాణెం పైనుంచి కనపడేంత తేట. చలికాలం తెల్లారుజామున గోరువెచ్చగా, ఎండ పొద్దున చల్లగా తగులుతాయి. కోనేరు దాటి బయటికి పోయే నీళ్ళు రెండు వేల ఎకరాలదాకా పారతాయని లెక్క చెబుతారు. ఇంత నీటి పక్కన కాపురమున్న ఇల్లాలికి "రోంత నీళ్ళు" అన్న మాట తేలిగ్గా వినిపించవచ్చు. అదే మాట అనంతపురం వైపు నుంచి వచ్చిన చుట్టం నోట్లో వేరు. అక్కడ ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టే. బిందె విలువ తెలిసినవాడు నీళ్ళడిగితే లాంఛనానికి అడిగినట్టు కాదు.

కాబట్టి సిద్ధంగా ఉండాల్సిన వాటిలో మొదటిది మట్టికుండ. వేసవిలో నంద్యాల చుట్టుపక్కల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫ్రిజ్ నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి, కరెంటు పోతే అవీ లేవు. కుండ అయితే చెమరుస్తుంది. గోడల్లోంచి ఊరిన తడి గాలికి ఆరిపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలిలో తేమ ఎంత తక్కువగా ఉంటే ఈ పని అంత బాగా సాగుతుంది. కోస్తా ఉక్కలో తడబడే కుండ రాయలసీమ పొడిగాలిలో నిక్కచ్చిగా పనిచేస్తుంది. కింద తడి ఇసుక, పైన మూత, పక్కన చెంబు. ఇంతే సరంజామా.

రెండోది బొరుగుల డబ్బా. ఇక్కడ టీకాకారుడు కాస్త ఆగక తప్పదు, ఎందుకంటే సీమలో అతిథి మర్యాదకు ఇది మూలస్తంభం. బొరుగు అంటే కాగిన ఇసుకలో వేగి ఉబ్బిన బియ్యపు గింజ. లోపలంతా గుల్ల. అందుకే బేసినులో నీళ్ళు పోసి బొరుగులు ముంచితే అరనిమిషంలో మెత్తబడతాయి. రెండు చేతులతో పిండి పక్కన పెట్టుకోవాలి. బాండలిలో నూనె, ఆవాలు, కరివేపాకు, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, చిటికెడు పసుపు. ఉల్లిగడ్డ మెత్తబడగానే బొరుగులు వేసి, పైన పప్పుల పొడి చల్లి, కలిపి, దించి నిమ్మకాయ పిండితే ఉగ్గాణి. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి పది నిమిషాలు. తోడు మిరపకాయ బజ్జీలు వీధి చివర బండి మీద ఎలాగూ వేగుతుంటాయి, పిల్లవాణ్ణి పంపితే చాలు.

ఉగ్గాణి అన్న పేరు మీద వాదముంది. కన్నడంలో పోపును ఒగ్గరణె అంటారు, దాన్నుంచే వచ్చిందని ఒక ఊహ. బళ్ళారి వైపు ఇదే వంటకాన్ని ఒగ్గరణె మండక్కి అంటారు గనక ఆ ఊహ బలంగానే ఉంది. వాదం తేలేలోపు ప్లేటు చల్లారిపోతుంది కనుక టీకాకారుడు ముందుకు సాగుతాడు.

పప్పులు అన్న మాట దగ్గర కోస్తా పాఠకుడు పొరబడే ప్రమాదముంది. సీమలో వట్టి "పప్పులు" అంటే పుట్నాలు. కందిపప్పు కావాలంటే కందిబ్యాళ్ళని అడగాలి. పుట్నాలు వేయించే ఉంటాయి కాబట్టి వాటికి పొయ్యితో పనిలేదు. ఎండుమిరపకాయ, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ, ఉప్పు వేసి దంచి సీసాలో పోస్తే ఉగ్గాణికీ అదే, దోసెకూ అదే, వేడన్నంలో నెయ్యితో కలుపుకోవడానికీ అదే. దాని పక్కన వేయించిన బుడ్డల, అంటే వేరుశనగల, డబ్బా ఒకటి. కడప చుట్టం వాటిని చెనిక్కాయలంటాడు. పేరు కుదరకపోయినా ప్లేటు ఖాళీ అవుతుంది.

అరటిపండు సంగతి వేరు. మహానంది అంటేనే అరటి తోటలు. ఇక్కడి పాత పేరు అమృతపాణి. పైతోలు పలచన, గుజ్జు కమ్మన. కానీ బాగా మాగిందంటే గెలకు పట్టుకుని ఉండదు, కాయలు వాటంతటవే రాలిపోతాయి. వేరుకు ఎండుతెగులు కూడా తొందరగా తగులుతుంది. ఇప్పుడు జీ-9 రకం తోటలూ కనిపిస్తున్నాయి. ఏ రకమైనా అరటిపండు నిలవ సరుకు కాదు. అందుకే తెలిసినవాళ్ళు ఒక అత్తం పండినది, ఇంకొకటి దోరది తెచ్చుకుంటారు. మొదటిది ఇవాళ్టి చుట్టానికి, రెండోది ఎల్లుండి చుట్టానికి. ఎవరూ రాకపోతే ఇంట్లో పిల్లలున్నారు.

తాగడానికి నన్నారి. నల్లమలలో సుగంధిపాల తీగ వేర్లు తవ్వి తెచ్చేవాళ్ళలో చెంచులు ముఖ్యులు. ఆ వేర్ల కషాయంలో చక్కెర పోసి పాకం పడితే నన్నారి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దీన్ని సీసాల్లో అమ్ముతోంది. రెండు గరిటెల పాకం, కుండ నీళ్ళు, అరచెక్క నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు. పాలు విరిగినా, టీపొడి అయిపోయినా మర్యాదకు లోటుండదు.

భోజనం దాకా వస్తే కొర్రన్నం. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం తీసిన ఒక కొర్ర రకానికి సూర్యనంది అని నవనందుల్లో ఒకరి పేరే పెట్టారు. దీని మీద టీకా మరో సంచికకు సరిపడా ఉంది.

ఇక తినని వస్తువులు. ఒక జంపఖానా. ఉతికి మడిచిన తువ్వాళ్ళు రెండు. స్నానాల గదిలో నిండు బకెట్, విప్పని సబ్బు. ఈ కాలంలో వచ్చినవాళ్ళు నీళ్ళకన్నా ముందు అడిగేది చార్జర్ గనక రెండు రకాల పిన్నులూ ఉన్న వైరు ఒకటి. బయల్దేరే ఆడవాళ్ళకు కుంకుమ, ఆకువక్క, రవికె గుడ్డ. ఈ రవికె గుడ్డ మీద ప్రత్యేక గమనిక అవసరం. బీరువాలో పొందికగా మడిచి ఉన్న గుడ్డల్లో దేన్నీ ఎవరూ కుట్టించుకోరు. అవి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి తిరుగుతుంటాయి. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే, ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇవ్వకూడదు. అందుకే అనుభవజ్ఞులు మడతలో చిన్న చీటీ పెడతారు, ఎవరిచ్చారో రాసి.

పాఠాంతరం

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళి పనిచేసి వచ్చిన ఇళ్ళలో ఈ వాక్యానికి ముందే ఫ్లాస్కు మూత తిరుగుతుంది. అరబ్బుల ఇళ్ళలో వచ్చినవాడికి వెంటనే ఇవ్వడానికి కాఫీ ఫ్లాస్కు, పక్కన ఖర్జూరాల పళ్ళెం పెట్టి ఉంచుతారు. చిన్న కప్పులో కొంచెమే పోస్తారు. ఇక చాలనుకున్నవాడు కప్పును అటూ ఇటూ ఊపాలి. 2015లో యునెస్కో ఈ కాఫీ మర్యాదను వారసత్వ జాబితాలో చేర్చింది. "చాలు" అన్న మాటకు చాలు అనే అర్థమున్న సంప్రదాయం ఒకటుందని తెలిసి టీకాకారుడు విస్తుపోయాడు.

శంక

ఇదంతా ఇల్లాలి నెత్తిన పడే చాకిరీ కాదా?

సమాధానం

న్యాయమైన శంక. పదహారో శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి అతిథి మర్యాద ప్రసిద్ధం. జడివాన రోజుల్లో వరి అన్నం, పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. వడియాలూ వరుగులూ ఎండాకాలంలోనే ఎండబెట్టి దాచాల్సినవి. అంటే ఆ ఇంట్లో ముందుచూపుంది. ఇంకో చిన్న వివరం కూడా రాయలు వదల్లేదు. తడి కట్టెల పొగ భార్య కళ్ళలోకి పోకుండా కొబ్బరి చిప్పలు మండించి వండారట. నిలవ సరుకుల జాబితాలో వంటమనిషి కళ్ళను కూడా చేర్చిన కవి ఆయన. అయినా కీర్తి విష్ణుచిత్తుడిది, పొయ్యి ఆమెది.

ఈ టీకాకారుడి పక్షం ఇది: వంటకు ఒకరే నేర్పరి కావచ్చు, డబ్బా మూత ఎవరైనా తీయొచ్చు. పప్పుల పొడి ఏ సీసాలో ఉందో ఇంట్లో మగవాళ్ళకూ పిల్లలకూ తెలిసిన రోజున ఉగ్గాణి ఎవరు చేసినా ఉగ్గాణే. తెలియని ఇంట్లో మాత్రం "ఎక్కడుంది, ఎక్కడుంది" అన్న కేకలకు జవాబు చెప్పడానికి ఆమె లేవక తప్పదు. సీసాల మీద పేర్లు రాసి అతికిస్తే ఈ శంక సగం తీరుతుంది.

తాత్పర్యం

"ఏమీ చేయాకు" అన్న మాటకు రెండో అర్థం ఉందన్నాం. వచ్చిన పెద్దామె నిజంగానే చెబుతోంది: వంటింట్లో ఇరుక్కోవాకు, వచ్చి నా పక్కన కూర్చో. ఆమె గిద్దలూరు నుంచి వచ్చింది పాయసం కోసం కాదు, కోడలి గొంతు వినడానికి. ఈ అర్థాన్ని పట్టుకుంటే మొదటి అర్థాన్ని మీరినట్టు, మొదటిదాన్ని పట్టుకుంటే రెండోదాన్ని మీరినట్టు. రెండూ ఒకేసారి నిలబడాలంటే పది నిమిషాల్లో ముగిసే పని ఉండాలి. కుండా, డబ్బాలూ, సీసాలూ ఆ పది నిమిషాల కోసమే. మిగిలిన గంటా యాభై నిమిషాలు నులకమంచం మీద.

ఉత్తరవాక్యం

"పోయొస్తాం." పోవడం, రావడం రెండూ ఒకే క్రియలో కలిసి ఉన్నాయి. ఎప్పుడొస్తారో చెప్పలేదు. ఆటో మలుపు తిరిగాక ఇల్లాలు బొరుగుల డబ్బా వంచి చూసింది. అడుగున రెండు గుప్పెళ్ళు. మొగుడు చొక్కా తొడుక్కుని సంచి అందుకున్నాడు. రేపు సోమవారం, అదీ కార్తీకంలో.