బండి నాది, పర్మిట్ ఆయనది

బండ్ల గురించి నాకు తెలియనిది లేదని నమ్మినవాణ్ణి నేను. అనంతగిరి ఘాట్‌లో ఏ మలుపుకి సెకండ్ గేరు వెయ్యాలో, పొగమంచులో ఎదురొచ్చే బస్సుకి ఎక్కడ ఒదిగి దారివ్వాలో, లోడుతో దిగేటప్పుడు బ్రేకు కాల్చకుండా గేరు మీదే బండిని ఎలా పట్టి ఉంచాలో, ఇవన్నీ ఏళ్ల తరబడి పరాయి బండ్లు తోలి నేర్చుకున్నాను. అందుకే సొంతానికి సెకండ్‌హ్యాండ్ టాటా 407 కొనబోయినప్పుడు టైర్లు గోరుతో గీకి చూశాను. కమాన్ కట్టలు తట్టి చూశాను. వెల్లకిలా పడుకుని హౌసింగ్ నుంచి ఆయిల్ కారుతోందేమో చూశాను. కాగితాలు చూడలేదు. అంటే, కవరు చూశాను. లావుగా ఉంది. నచ్చింది.

చదువురానివాణ్ణని తప్పించుకుందామన్నా వీల్లేదు. ఇంటర్ పాసయ్యాను. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా నా చేతే రాయించుకుంటారు. మా నాన్నకి అక్షరం ముక్క రాదు గానీ, ఫారెస్టు గేటు దగ్గర చీటీ లేకుండా కర్ర దాటదని, ఆ చీటీ మీద తన పేరే ఉండాలని, తేదీ దాటితే అది చిత్తు కాగితమని ఆయనకి తెలుసు. ఇంట్లోనే అంత ఇంగితం పెట్టుకుని నేను బయట ఏజెంట్లను అడిగాను.

నా తెలివి ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. మా మేనమామకి టాటా ఏస్ ఉండేది. అరకు శుక్రవారం సంతకి దాన్ని నేనే తోలేవాణ్ణి. దానికి పర్మిట్ అడిగినవాడు లేడు. కారణం చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లో 66వ సెక్షన్ ప్రకారం సరుకు బండి మొత్తం బరువు, అంటే బండీ లోడూ కలిపి ఆర్‌సీలో రాసిన బరువు, 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. నాకు ఆ సెక్షన్ తెలియదు, ఆ 3,000 సంగతీ తెలియదు. ‘చిన్న బండ్లకి పర్మిట్ ఉండదు’ అన్న ముక్క మాత్రం తెలుసు. 407 నా కంటికి చిన్న బండే. లారీ కాదు కదా!

అమ్మినాయన మైదానం మనిషి, మాట మెత్తన. “పర్మిట్ కూడా ఉంది తమ్ముడూ, ఇంకా మూడేళ్లు గడువుంది, అది నీకు ఫ్రీ” అన్నాడు. అక్కర్లేదనుకున్నది ఊరికే వస్తోందని సంబరపడ్డాను. సంతకాలు పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు ఇచ్చి, “పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, తొందరేముంది” అన్నాడు. మా ఆవిడ బంగారం తాకట్టు డబ్బు, కాఫీ గింజలమ్మిన డబ్బు కలిపి మొత్తం ఒకేసారి ఆయన చేతిలో పోశాను. రసీదు అడగడం మర్యాద కాదనిపించింది.

తొందర ఉందని తర్వాత తెలిసింది. బండి అదే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజెయ్యాలి. నేను ఆ నెల రోజులూ బండికి నిమ్మకాయలు కట్టడంలో, వెనక తలుపు మీద పేరు రాయించడంలో గడిపాను.

ఒక తెల్లవారుజామున అల్లం బస్తాలతో ఘాట్ దిగాక బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపాడు. కవరు ఇచ్చాను. ఒక్కో కాగితం తీసి బానెట్ మీద పరిచి, గాలికి ఎగరకుండా నా సెల్‌ఫోనే బరువు పెట్టాడు.

“పర్మిట్ ఎవరిది?”

“బండిదండి.”

“బండికి ఎవరిస్తారయ్యా పర్మిట్? మనిషికిస్తారు. ఈ మనిషెవరు?”

“అమ్మినాయనండి.”

“మరి నువ్వెవరు?”

ఓనర్ని అనబోయి ఆగిపోయాను. ఆర్‌సీలో ఆయన పేరే, ఇన్సూరెన్సులో ఆయన పేరే, పర్మిట్‌లో ఆయన పేరే. నా పేరున్నది వెనక తలుపు మీద, పెయింటుతో. పర్మిట్ ఇచ్చిన అధికారి అనుమతి లేకుండా అది ఒకరి నుంచి ఇంకొకరికి మారదని, బండి కొన్నంత మాత్రాన పర్మిట్ హక్కు రాదని 82వ సెక్షన్ చెబుతోందట. ఇన్‌స్పెక్టరు కోపం లేకుండా చెప్పాడు, అందుకే ఎక్కువ సిగ్గేసింది. పర్మిట్ లేకుండా తిప్పితే 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉన్నాయి. అల్లం వేరే బండిలోకి మార్చాను. ఆ కిరాయి, హమాలీ, జరిమానా అన్నీ నావే. సరుకు ఆలస్యమైందని వ్యాపారి కోసుకున్నదీ నాదే.

సరే, పేరు మార్పిద్దామని వెళ్తే ఆర్‌సీలో ఇంకో పేరు బయటపడింది, ఫైనాన్స్ కంపెనీది. అమ్మినాయన అప్పు ఎప్పుడో తీర్చేశాడు, ఆ మాట నిజమే. కానీ ఎన్‌వోసీ తెచ్చుకుని, 35వ ఫారం పెట్టి హెచ్‌పీ, అంటే ఆర్‌సీలో ఫైనాన్స్ తాకట్టు, క్యాన్సిల్ చేయించుకోలేదు. ఫైనాన్స్ వాళ్ల సమ్మతి లేనిదే పేరు మారదు. ఆ కంపెనీ బ్రాంచి ఎత్తేసి వేరే ఊరికి మార్చారు. అమ్మినాయన మొదట్లో ఫోన్ ఎత్తేవాడు. తర్వాత్తర్వాత ఆయన భార్య ఎత్తేది, చివరికి ఎవరూ ఎత్తలేదు. మొత్తం డబ్బు ముందే ముట్టినవాడికి నా ఫోను ఎందుకు ఎత్తాలనిపిస్తుంది? ఆయన్ని తిట్టుకున్నాను గానీ, ఆ అవసరం లేకుండా చేసింది నేనే కదా.

నిజానికి ఆర్‌సీలో ఇంకా ఉన్న తన పేరు ఆయన మెడకీ ఉరే. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే యజమాని కింద లెక్క, బండి ఎప్పుడో అమ్మేశానన్నా పరిహారం బాధ్యత తప్పదని 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పైగా మాది ఒడిశా సరిహద్దు, గంజాయి తనిఖీలు రోజూ ఉండే దారి. మత్తు పదార్థాల చట్టం కింద బండిని జప్తు చేస్తే, తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలు తీసుకున్నానని యజమానే రుజువు చేసుకోవాలి. ఎవరో కొండమీద కుర్రాడి చేతిలో తన పేరున్న బండి పెట్టి ఆయన ఎలా నిద్రపోయాడో! చివరికి ఆయన్ని కదిలించింది నా బతిమాలడం కాదు, ఈ సంగతి ఎవరో చెప్పడమే.

ఈలోగా బండి మా పెరట్లో పనస చెట్టు కింద ఉంది. కోళ్లు క్యాబిన్ మీదెక్కి పడుకునేవి. తిరగని బండికి ట్యాక్స్ ఏమిటని నేను ధీమాగా ఉన్నాను. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి బండ్లకి మూడు నెలలకోసారి ట్యాక్స్ కట్టాలి. తిప్పకపోతే ఆ క్వార్టరు మొదలవకముందే స్టాపేజీ రాసివ్వాలి. రాసివ్వకపోతే తిరిగినట్టే లెక్క. 2025 ఆగస్టులో విశాఖ స్టీల్‌ప్లాంటు యార్డు లోపలే తిరిగిన బండ్లకి, అది బహిరంగ స్థలం కాదు కాబట్టి ట్యాక్స్ వర్తించదని సుప్రీంకోర్టు తీర్పిచ్చిందని పేపర్లో చదివి, మా పెరడు మాత్రం బహిరంగ స్థలమా అని వాదిద్దామనుకున్నాను. మా ఆవిడ ఒక్క చూపు చూసింది. కట్టేశాను.

ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి, బండి తీసుకెళ్లిన రోజు ఇంకో పాఠం. సరుకు బండికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. నాది ఎనిమిది దాటింది. నేనింకా రెండేళ్ల లెక్కలోనే ఉన్నాను. చాసిస్ నంబరు ప్రింట్ కావాలన్నారు. ఫ్రేము మీద మా కొండల ఎర్రమట్టి అట్టకట్టి రాయిలా ఉంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, స్క్రూడ్రైవరుతో గీకి, పల్చటి కాగితం అంటించి పెన్సిలుతో అడ్డంగా రుద్దితే ఒక్కో అక్షరం తెల్లగా పైకి తేలింది. ఆర్‌సీతో పోల్చి చదివాను. బండి కొన్నాక నేను దాని నంబరు చదవడం అదే మొదటిసారి. కలిసింది కాబట్టి సరిపోయింది. కలవకపోతే ఎవరికి చెప్పుకునేవాణ్ణి?

అవసరమైన దాని మీద ఖర్చు దండగన్న నేనే, అవసరం లేనిదానికి ఏజెంటు అడిగినంత ఇచ్చాను. “బ్యాడ్జ్ లేకుండా ఎల్లో బోర్డు బండి తోలితే లోపలేస్తారు” అన్నాడు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే తోలొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల బెంచి మళ్లీ ఖాయం చేసింది. ఆ డబ్బుతో ఒక టైరు రీట్రెడ్ చేయించుకునేవాణ్ణి.

ఇవన్నీ డబ్బు పోగొట్టుకున్న తెలివితక్కువలు. సంత రోజుల సంగతి వేరు, దాన్ని తెలివితక్కువ అని సరిపెట్టుకోలేను. ఏజెన్సీలో సంత అంటే సరుకుతో పాటు మనుషులూ ఎక్కుతారు. బస్సు లేని ఊళ్లు, ఎక్కించుకోనంటే తప్పుగా చూస్తారు, తలా ఇంత ఇస్తారు కూడా. బస్తాల మీద ముసలమ్మలు, పిల్లల తల్లులు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవాణ్ణి. పాలసీ నా పేరుకి మార్చిన ఆఫీసులో ఒక పెద్దాయన అడక్కుండానే చెప్పాడు: “సరుకు బండిలో సరుకు యజమాని తన సరుకుతో ఎక్కితే పాలసీ వర్తిస్తుంది, 1994 సవరణ తర్వాత. ఊరికే ఎక్కినవాళ్లకి కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.” అంటే మిరియాల బస్తా తెచ్చిన మామకి పాలసీ ఉంది, ఆయన వెంట ఎక్కిన బావమరిదికి లేదు. అన్నాళ్లూ ఘాట్‌లో నా వెనక కూర్చున్నవాళ్లలో ఎంతమంది బావమరుదులో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అసలు సరుకు బండిలో అలా మనుషుల్ని ఎక్కించడమే తప్పు, పాలసీ సంగతి తర్వాత. ఇప్పుడు ఎక్కించుకోను. ఊళ్లో నాకు పొగరొచ్చిందంటున్నారు.

ఒడిశా ముచ్చట కూడా కానిచ్చేస్తాను. పాడువా మాకు పరాయి ఊరు కాదు, చుట్టాలున్నారు. కానీ బండికి అది వేరే రాష్ట్రం. టెంపరరీ పర్మిట్ తీసుకోవాలి, అది ఎంత చేసినా నాలుగు నెలలకి మించదు, లేదా ఏడాదికి 16,500 రూపాయల నేషనల్ పర్మిట్. రెండోది తీసుకుని దేశమంతా నాదే అనుకున్నాను. నందపూర్‌లో సరుకు దించి, ఖాళీగా రావడమెందుకని అక్కడ ఎత్తిన లోడు కోరాపుట్‌లో దించడానికి ఒప్పుకున్నాను. సొంత రాష్ట్రం కాని చోట, ఆ రాష్ట్రంలోనే ఒక ఊళ్లో ఎత్తి ఇంకో ఊళ్లో దించడానికి నేషనల్ పర్మిట్ పనికిరాదు. ఈసారి మాత్రం లోడెత్తకముందే అక్కడి డ్రైవరొకతను చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

ఇప్పుడు ఆర్‌సీలో నా పేరుంది. పర్మిట్ నా పేరనే ఉంది, అయిదేళ్లకి. కాఫీ, మిరియాలు, రాజ్‌మా లోడ్లు దొరుకుతున్నాయి. పది బండ్లకి మించని ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ కొయ్యరని కూడా తెలుసుకున్నాను, కొంత కోయించుకున్నాకే అనుకోండి.

మా చుట్టుపక్కల కుర్రాళ్లు బండి కొనే ఊపులో ఉన్నారు. వాళ్లకి నాదొకటే మనవి. పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ గడువులు, ఫైనాన్స్ గడి చూడండి. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 దాటిందా చూడండి. సంతకాల ఖాళీ ఫారాలు తీసుకోకండి, అమ్మేవాణ్ణే వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లండి. మీ పేరు పడేదాకా చివరి యాభై వేలు మీ జేబులోనే ఉంచుకోండి. ఇవేవీ అర్థం కాకపోతే మా ఇంటికి రండి, కాగితాలు నేను చూసిపెడతాను. కాకపోతే అడ్వాన్సు ఇవ్వకముందు రండి.